పడక నిండితే సంతోషించకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆస్పత్రితోపాటు బీమా కూడా నువ్వే నడుపుతానని రాశావు. ముప్పై ఏళ్లు ఆస్పత్రి లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి పద్దుల భాషలోనే చెబుతాను. ఇవాళ జమలో రాసుకునే ప్రతి నిండిన పడకా, బీమా కూడా నీ చేతికి వచ్చిన రోజునుంచి ఖర్చులో పడుతుంది.

1933లో సిడ్నీ గార్ఫీల్డ్ అనే డాక్టరు అమెరికాలోని మొజావీ ఎడారిలో, కాలువ తవ్వే కూలీల కోసం చిన్న ఆస్పత్రి కట్టాడు. బీమా కంపెనీలు బిల్లులు నాన్చడంతో దివాలా అంచుకు వచ్చాడు. చివరికి మనిషికి రోజుకు 5 సెంట్ల చొప్పున ముందే ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. అంతవరకూ కాలిలో మేకు దిగినవాడు వస్తే రాబడి, ఇక అదే మేకు నష్టం. దాంతో ఆయనే పని జరిగే చోటికి వెళ్లి, పైకి తేలిన మేకులను దిగగొట్టించేవాడు. ఆస్పత్రులూ బీమా కలిపి నడిపే అమెరికా సంస్థ కైసర్ పర్మనెంటేకు బీజం అక్కడే పడింది.

అయితే ఇదే కత్తికి రెండో వైపూ పదునుంది. 1970లలో అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ మొదలుపెట్టిన ప్రయోగంలో, సియాటిల్‌లో ఇలాంటి ఉమ్మడి పద్ధతిలో ఉన్నవారు, రోగికి ఉచితంగా, డాక్టర్లకు మాత్రం సేవకింతని చెల్లించే పద్ధతిలో వైద్యం పొందినవారికన్నా దాదాపు 40 శాతం తక్కువగా ఆస్పత్రిలో చేరారు. కానీ పేదవారిలో ముందే జబ్బుతో ఉన్నవారికి మాత్రం అది అంతగా కలిసిరాలేదు. అందుకే డాక్టర్లకు జీతం ఇవ్వు. పరీక్షలు తగ్గించినందుకు బోనస్ మాత్రం వద్దు. అపాయింట్‌మెంటుకు ఎన్నాళ్లు ఆగాల్సి వస్తోందో ప్రతి నెలా నువ్వే చూడు. ఖర్చు మిగిలిందంటే వైద్యం బాగుపడిందో, రోగి విసిగి మానేశాడో లెక్కల పుస్తకం చెప్పదు.

ఒకసారి నేను పనిచేసిన చోట బీమా పథకం ప్రకటన ఓపీ గోడకు అంటించాం. ఎవరు చదువుతారు? డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు వచ్చేవారు! మొదటి ఏడాది చేరినవారిలో సగానికి పైగా మా పాత రోగులే. ప్రీమియం పెంచితే, ఉన్న కొద్దిమంది ఆరోగ్యవంతులూ జారుకున్నారు. కాబట్టి ఆస్పత్రి గుమ్మంలో బీమా అమ్మకు. పనిచేసే చోట్లకు వెళ్లి సిబ్బంది మొత్తాన్ని ఒకేసారి చేర్చుకో. నెలలు నిండని కాన్పు ఒక్కటి చాలు, చిన్న సంస్థ ఏడాది మిగులంతా ఊడ్చేయడానికి. రీఇన్సూరెన్స్, అంటే నీ బీమా సంస్థకే మరో కంపెనీ దగ్గర బీమా, లేకుండా తలుపులు తెరవకు.

ఎన్ని పడకలు అనుకుంటున్నావో రాయలేదు. బహుశా పాత అలవాటుకొద్దీ ఎక్కువే వేసుకుని ఉంటావు. ఆ కాగితం నాకు పంపు, ఎర్ర పెన్సిలు దగ్గరే పెట్టుకున్నాను.

మీ మామయ్య