సొంతంగా కట్టుకునే విమానంలో ఇంధన ట్యాంకు లీకవుతోందో లేదో పెట్రోలు పోయకముందే ఎలా తెలుస్తుంది?

వాన్స్ ఆర్‌వీ లాంటి చాలా కిట్ విమానాల్లో రెక్క ముందుభాగమే ట్యాంకు. అల్యూమినియం రేకుల అతుకులకు, రివెట్లకు సీలెంట్ పూస్తారు. అది పూర్తిగా ఆరాక దారులన్నీ మూసి, ఒకచోట బెలూన్ తగిలించి, మెల్లగా గాలి నింపుతారు. పీడనం 1 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) దాటకూడదు. కంప్రెసర్ నేరుగా తగిలిస్తే ట్యాంకు ఉబ్బి పాడవుతుంది. సైకిల్ పంపు చాలు.

బెలూన్ కాస్త ముడుచుకుంటే లీకుందేమోనని వెంటనే టెన్షన్ పడొద్దు. రాత్రి చల్లబడినా, వాతావరణ పీడనం మారినా అది కుంచించుకుంటుంది. ఒక్కోసారి కారేది బెలూన్ కట్టిన చోటే, ట్యాంకు కాదు! అందుకే అసలు తీర్పు సబ్బునీళ్లదే. ప్రతి రివెట్, అతుకు, ఫిట్టింగ్ మీద రాసి బుడగల కోసం చూడాలి. లీకు దొరికితే వీలైనంతవరకు లోపలి నుంచే సీలెంట్ వేయాలి. బయట పూసింది ఎక్కువకాలం నిలవదు.

పైపుల విషయంలో ఒకటే జాగ్రత్త: విమానాల ఫ్లేర్ (ఫిట్టింగ్‌లో బిగించడానికి గరాటులా విప్పార్చిన పైపు చివర) 37 డిగ్రీలు, కార్లది 45. కార్ల టూల్ వాడితే ఫిట్టింగ్ సరిగ్గా కూర్చోదు. ఫ్లేర్ జాయింట్లకు టెఫ్లాన్ టేపు అక్కర్లేదు.

లీకు లేనంత మాత్రాన ఇంధనం చాలినంత వస్తుందని కాదు. ముక్కు పైకెత్తిన భంగిమలో, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి, ప్రవాహం కొలవాలి. టేకాఫ్‌లో ఇంజిన్ తాగేదానికి ఇంధన పంపు ఉంటే 125 శాతం, గురుత్వాకర్షణతోనే దిగేదైతే 150 శాతం రావాలి.