1927 సీజన్‌ను చివరి నుంచి రాయకు

చిరంజీవి తమ్ముడికి,

న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు 1927 సీజన్ మీద నువ్వు రాసిన మొదటి అధ్యాయం చదివాను. మొదటి పేజీలోనే బేబ్ రూత్ 60 హోమ్ రన్లు (ఒకే దెబ్బతో బేసులన్నీ చుట్టి వచ్చే పరుగులు) కొట్టేశాడు. ఇక మిగతా పుస్తకం పాఠకుడు దేనికోసం చదవాలి? ఆ ఏడు ఆగస్టు 10 నాటి లెక్క చూడు: అదే జట్టులోని లూ గెరిగ్ 38, రూత్ 35. రికార్డు ఎవరిదవుతుందో ఆ రోజు చెప్పగలిగినవాడు లేడు. రూత్ సెప్టెంబరు ఒక్క నెలలోనే 17 కొట్టాడు, గెరిగ్ 47 దగ్గర ఆగాడు. ఆ ఉత్కంఠంతా నీ చేతిలో ఉంది. ముందే పారబోసుకోకు.

రాయడానికి ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని తేదీల పట్టిక గీయి. అప్పట్లో లీగ్‌కి 8 జట్లు. ఒక్కో ప్రత్యర్థితో 22 ఆటలు, సగం సొంత మైదానంలో, సగం బయట, మొత్తం 154. ఆ ఏడు యాంకీస్ ఆట ఒకటి సమంగా ముగిసింది కాబట్టి నీకు 155 వరుసలు కావాలి. ప్రతి వరుసలో తేదీ, ఊరు, స్కోరు, ఆట మొదలుపెట్టిన పిచర్ (బంతి విసిరేవాడు), అప్పటికి గెలుపోటములు, రెండో స్థానంతో తేడా రాయి. తేడా తీయడం సులువే: గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి సగం చెయ్యి. సీజన్ చివర యాంకీస్ 110–44, ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ 91–63. 19కి 19 కలిపి సగం చేస్తే 19. 19 ఆటల ఆధిక్యంతో గెలిచిన సీజన్‌లో ‘ఎవరు గెలుస్తారు’ అన్న ప్రశ్న మీద కథ నిలవదు. సెప్టెంబరు 13కే టైటిల్ ఖాయమైపోయింది. నీ కథ రూత్, గెరిగ్‌ల మధ్య నడవాలి.

పాత పేపర్లలోని బాక్స్ స్కోర్లను (ఒక్కో ఆట అంకెల పట్టికలను) గుడ్డిగా నమ్మకు, అచ్చుతప్పులుంటాయి. సరిచూసే పద్ధతి ఇది: ఒక జట్టు అట్-బ్యాట్స్‌కి (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతులకి) వాక్‌లు (నాలుగు చెడ్డ బంతుల వల్ల బేస్‌కి వెళ్లినవి), శాక్రిఫైస్‌లు (తాను ఔటై తోటివాణ్ని ముందుకు జరిపినవి), బంతి తగిలి బేస్‌కి వెళ్లినవి కలుపు. ఆ మొత్తం పరుగులు, బేసుల మీద మిగిలిపోయినవాళ్లు, ఔటైనవాళ్లు కలిపినదానికి సమానం కావాలి. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఔట్లు 27. సొంత మైదానంలో ఆధిక్యంలో ఉన్న జట్టు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్ చేయదు గనక దానికి 24. లెక్క కుదరకపోతే ఇంకో పేపరు వెతుకు.

నేటి లెక్కల్ని ఆనాటి మనుషుల నోట పెట్టడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. యాంకీస్ పిచర్ విల్సీ మూర్‌కి ఆ ఏడు 13 సేవ్‌లు (చివర్లో దిగి జట్టు ఆధిక్యాన్ని కాపాడిన ఆటలు) అని నేటి పట్టికలు చెబుతాయి. కానీ సేవ్ అధికారిక లెక్కల్లోకి వచ్చింది 1969లో. ఆనాటి అభిమానికి తెలిసిన మూర్ 19 గెలుపుల మూర్. గెరిగ్ రన్స్ బ్యాటెడ్ ఇన్ (అతని బ్యాటింగ్ వల్ల జట్టుకి వచ్చిన పరుగులు) పాత పుస్తకాల్లో 175, ఇప్పుడు 173. ఏది వాడినా పుస్తకమంతా అదే వాడు. నేల మీద పడి ఎగిరి స్టాండ్లోకి వెళ్లిన బంతి కూడా అప్పుడు హోమ్ రనే. చొక్కాల వెనక నంబర్లు లేవు, యాంకీస్‌కి అవి 1929లో వచ్చాయి. అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఫ్లడ్‌లైట్ల కింద తొలి ఆట 1935లో సిన్సినాటిలో జరిగింది. కాబట్టి రాత్రి ఆట ఒక్కటి రాసినా నీ పుస్తకం మీద నమ్మకం పోతుంది. ఫిలడెల్ఫియా, బోస్టన్‌లలో ఆదివారం ఆటలకు చట్టం ఒప్పుకోని రోజులవి. నీ పట్టికలో ఆ రెండు ఊళ్ల పక్కన ఆదివారం పడితే తేదీ తప్పన్నమాట.

రూత్‌ని ‘అమెరికాలోని ఆటగాళ్లందరితో పోటీపడి గెలిచినవాడు’ అన్నావు. ఆ వాక్యం కొట్టేయి. నల్లజాతి ఆటగాళ్లను మేజర్ లీగుల్లోకి రానివ్వని కాలమది. రూబ్ ఫాస్టర్ 1920లో స్థాపించిన నీగ్రో నేషనల్ లీగ్ అప్పుడు నడుస్తోంది. ఇది అడుగున ఒక ముక్కగా కాక, అసలు కథలోనే ఉండాలి.

సెప్టెంబరు 30కి మాత్రం కావలసినన్ని పేజీలు తీసుకో. శుక్రవారం, వాషింగ్టన్‌తో ఆట, స్టాండ్లు చాలావరకు ఖాళీ. ఎనిమిదో ఇన్నింగ్స్, 2–2. యాంకీస్ ఆటగాడు మార్క్ కోనిగ్ మూడో బేస్ మీదున్నాడు. వాషింగ్టన్ పిచర్ టామ్ జాకరీ వేసిన బంతిని రూత్ కుడివైపు ఫౌల్ గీతకు దగ్గరగా స్టాండ్లోకి పంపాడు. అది అరవయ్యోది, ఆట 4–2. చాలామంది అక్కడే ఆపేస్తారు. నువ్వు తొమ్మిదో ఇన్నింగ్స్ కూడా రాయి. జాకరీ బదులు బ్యాట్ పట్టుకుని వచ్చినవాడు వాల్టర్ జాన్సన్, నాలుగు వందలకు పైగా ఆటలు గెలిచిన పిచర్. అతను కొట్టిన బంతి గాల్లోకి లేచి రూత్ చేతుల్లోనే పడింది. ఆటగాడిగా జాన్సన్ మైదానంలోకి దిగడం అదే ఆఖరు. ఇలాంటిది కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు. ఇది నిజం గనక విశేషణాలు అక్కర్లేదు, జరిగింది జరిగినట్టు చెప్పు.

రెండు లీగ్‌ల విజేతల మధ్య సీజన్ చివర జరిగే వరల్డ్ సిరీస్‌ని క్లుప్తంగా ముగించు. యాంకీస్ ప్రాక్టీస్ చూసి ప్రత్యర్థి పిట్స్‌బర్గ్ వాళ్లు బెదిరిపోయారన్న కథను ఆ జట్టు ఆటగాడు లాయిడ్ వేనరే తర్వాత కొట్టిపారేశాడు. నాలుగు ఆటలూ ఓడిన మాట నిజమే, కానీ మొదటిది 5–4, చివరిది 4–3. చివరి గెలుపు పరుగు వచ్చింది పిట్స్‌బర్గ్ పిచర్ జానీ మిల్జస్ వేసిన వైల్డ్ పిచ్ (క్యాచర్‌కి అందకుండా పోయిన బంతి) మీద. ఆ బెదురు కథ తీసేసి ఈ స్కోర్లు పెట్టు.

రెండో అధ్యాయాన్ని జులై 4తో మొదలుపెట్టి పంపు. ఆ రోజు రెండు ఆటల్లో వాషింగ్టన్‌ని 12–1, 21–1తో ఓడించారు. పట్టిక కూడా జతచెయ్యి, ముందు దాన్నే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య