టెక్ సందేహాలు: పాత క్యాంపింగ్ స్టవ్‌లూ ఇంటి వర్క్‌షాప్ ప్రయోగాలూ

ఈ వారం ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్టవ్‌ల గురించే. వానలు తగ్గి అనంతగిరి వైపు టెంట్లు వేసే రోజులు వస్తే అటక మీది పాత స్టవ్‌లు కిందికి దిగుతాయి. బాల్కనీలోనో కారు షెడ్డులోనో చిన్న బల్ల వేసుకుని వాటికి మెరుగులు దిద్దుతున్నవాళ్లు మన ఊళ్లో ఇంతమంది ఉన్నారని చూస్తే నిజంగా సంతోషం వేసింది. ముందే ఒక మాట చెబుతాను, కింది జవాబులన్నీ దాని మీదే నడుస్తాయి. ఇంధనం నిల్వ ఉండే ట్యాంకు, అది ఒత్తిడితో ప్రయాణించే దారి తయారీదారు ఇచ్చినట్టే ఉండాలి. చుట్టూ ఉన్న రేకులు, కొలతలు, సెన్సర్లు, కోడ్ మాత్రం మీ ఇష్టం, ఎంతైనా మార్చుకోండి.

ప్రశ్న: జుమేరాత్ బజార్‌లో పాత ఇత్తడి పంపు స్టవ్ కొన్నాను. గ్యాస్‌నూనె (కిరసనాయిలు) దొరకడం కష్టంగా ఉంది. నిపుల్ మార్చి పెట్రోల్‌తో నడపొచ్చా? బాలానగర్‌లో తెలిసిన లేత్ మిషన్ ఆయన సన్న రంధ్రం నిపుల్ చేసిస్తానంటున్నాడు. (అంబర్‌పేట)

వద్దండి. నిపుల్ బాగా కుదిరినా సరే వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను.

పంపు స్టవ్‌లో నూనె నేరుగా మండదు. ట్యాంకులో మీరు కొట్టిన గాలి నూనెను పైకి నెడుతుంది. ముందే స్పిరిట్‌తో వేడి చేసిన బర్నర్ గొట్టాల్లో అది ఆవిరవుతుంది. ఆ ఆవిరి నిపుల్ లోంచి దూసుకొచ్చి, గాలితో కలిసి నీలం మంట అవుతుంది. స్వీడన్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ 1892లో ప్రైమస్ స్టవ్ చేసినప్పటి నుంచి ఇదే పద్ధతి. ఇందులో స్టవ్ ఆర్పేది ఎలా? చాలా మోడళ్లలో మంటకు వేరే నాబ్ ఉండదు. ట్యాంకు మూత దగ్గరి గాలి స్క్రూ వదులు చేస్తాం, లోపలి గాలి బుస్సుమని బయటికి వస్తుంది, మంట ఆరిపోతుంది. ట్యాంకులో కిరసనాయిలు ఉన్నంతవరకు ఆ గాలితో పెద్ద ప్రమాదం లేదు. సుమారు 35 నుంచి 40 డిగ్రీల వరకు వేడెక్కితే గానీ దాని ఆవిరి అంటుకునేంతగా చేరదు. పెట్రోల్‌కు ఆ హద్దు మైనస్ 40 దగ్గర ఉంటుంది. అంటే మన డిసెంబర్ తెల్లవారుజామున కూడా ఆ గాలి నిండా పెట్రోల్ ఆవిరే. మీరు స్క్రూ తిప్పేది మండుతున్న బర్నర్‌కు బెత్తెడు దూరంలో! ఆర్పబోయే ప్రతిసారీ ఆవిరిని మంట మీదికి మీరే వదిలినట్టవుతుంది.

పైగా బర్నర్ సరిగ్గా ట్యాంకు నెత్తి మీద కూర్చుంటుంది. కిందికి దిగే వేడికి పెట్రోల్ ఒత్తిడి పెరుగుతూ పోతుంది, దాన్ని వదిలే సేఫ్టీ వాల్వ్ ఈ పాత ట్యాంకులకు మామూలుగా ఉండదు. పెట్రోల్ కోసమే చేసిన స్వేయా 123 లాంటి స్టవ్‌లు చూడండి. ట్యాంకు చిన్నది, మంట తగ్గించి ఆర్పే వాల్వ్ ఉంటుంది, మూతలోనే సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. నిపుల్ రంధ్రం అన్నది ఆ తేడాల్లో ఒక్కటి మాత్రమే. దీనికితోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాతకాలపు రబ్బరు వాషర్లు దాన్ని తట్టుకోలేవు.

కాబట్టి బహిరంగ మార్కెట్‌లో అమ్మే తెల్ల కిరోసిన్ కాస్త తిరిగి సంపాదించండి, స్టవ్‌ను దాని పద్ధతిలోనే బతికించండి. ఆ పని కూడా మంచి సరదా. పంపు పిడి లాగితే చివర తోలు వాషర్ కనిపిస్తుంది. ఏళ్ల తరబడి వాడకపోతే అది ఎండి, ముడుచుకుని, గొట్టం గోడలకు తగలకుండా ఆడుతుంటుంది. కుట్టుమిషన్ నూనెలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే దాని అంచులను వేలితో మెల్లగా బయటికి సాగదీయండి. చాలాసార్లు కొత్తది కొనక్కర్లేదు. తర్వాత పంపు కొట్టి పిడి వదలండి. అది తనంతట తాను పైకి లేస్తుంటే గొట్టం అడుగున ఉన్న ఎన్‌ఆర్‌వీ, అంటే గాలి వెనక్కి రాకుండా ఆపే చిన్న వాల్వ్, పాడైనట్టే. దాన్ని విప్పితే స్ప్రింగు, దాని మొన మీద శనగబద్దంత బిళ్ల ఉంటాయి. ఆ బిళ్ల మారిస్తే సరిపోతుంది. సైకిల్ ట్యూబ్ ముక్క మాత్రం పెట్టకండి, మామూలు రబ్బరు కిరోసిన్‌లో ఉబ్బిపోతుంది. విటాన్ రబ్బరు కావాలి. రాణిగంజ్‌లో ఓ-రింగులు, సీళ్లు అమ్మే దుకాణాల్లో అడగండి.

ఇక అసలు పరీక్ష. ఇంధనం పోయకముందే బర్నర్ విప్పి, ఆ రంధ్రానికి బిగుతుగా బిరడా స్క్రూ వేయండి. ట్యాంకులో ఒట్టి గాలి కొట్టి, బకెట్ నీళ్లలో ముంచి కొన్ని నిమిషాలు కదలకుండా చూడండి. మూత దగ్గర బుడగలు వస్తే వాషర్ మార్చుకోవచ్చు. ట్యాంకు అతుకు వెంబడి సన్నని బుడగల వరుస లేస్తే మాత్రం ఆ స్టవ్‌ను తోమి మెరుగు పెట్టి షోకేసులో పెట్టేయండి. పై నుంచి టంకం వేసి వాడొద్దు. తగరం, సీసం కలిసిన మామూలు టంకం 190 డిగ్రీల లోపే కరిగిపోతుంది.

ప్రశ్న: స్టవ్ ఎంత బాగా పనిచేస్తుందో కొలుద్దామని ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు వేడి కొలిచే కె-టైప్ థర్మోకపుల్ వైరు, దాని సంకేతాన్ని అంకెగా మార్చే మ్యాక్స్ 6675 మాడ్యూల్ పెట్టాను. ఆన్ చేయగానే 31.25 చూపించి అక్కడే ఆగిపోతుంది. నీళ్లు మరిగినా మారదు. మూడు మాడ్యూళ్లు మార్చాను. (కూకట్‌పల్లి)

మాడ్యూళ్లు మూడూ బాగానే ఉండి ఉంటాయి, పారేయకండి. మీ కోడ్‌లో పదే పదే నడిచే లూప్‌లో డిలే, అంటే కాసేపు ఆగే విరామం, పెట్టారా? ఈ చిప్ ఒక్కో రీడింగ్ తయారుచేయడానికి సుమారు 0.22 సెకన్లు తీసుకుంటుంది. మీరు చదివిన ప్రతిసారీ అది చేస్తున్న పని ఆపి మీకు పాత విలువ ఇచ్చి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. మీ కోడ్ ఊపిరాడనివ్వకుండా అడుగుతుంటే కొత్త రీడింగ్ ఎప్పటికీ పూర్తికాదు. రెండు రీడింగుల మధ్య అర సెకను వదలండి, అంకె కదులుతుంది.

కదిలాక వేడి చేస్తుంటే అంకె తగ్గుతోందా? రెండు వైర్లు అటుదిటు అయ్యాయి. రంగును నమ్మొద్దు. అమెరికా పద్ధతిలో ఎరుపు వైరు నెగెటివ్, చవక మాడ్యూళ్లతో వచ్చే వాటిలో తరచు ఎరుపే పాజిటివ్. మాడ్యూల్‌ను కూడా స్టవ్‌కు దూరంగా, ఫ్యాన్ గాలి తగలని చోట పెట్టండి. చిప్ తన సొంత వేడిని ఆధారం చేసుకుని లెక్క కడుతుంది కాబట్టి వైర్లు బిగించిన స్క్రూల దగ్గర ఒక వేడి, చిప్ దగ్గర ఒక వేడి ఉంటే ఫలితం తప్పుతుంది.

మీ కొలత ఇలా చేయండి. స్టవ్‌ను ఇంధనంతో సహా వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి. లీటరు నీళ్లు 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచి, స్టవ్ చల్లారాక మళ్లీ తూచండి. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, సెన్సర్ 100 చూపించడం లేదని కంగారు పడకండి. ఆ నీళ్లలోకి వెళ్లిన వేడి సుమారు 285 కిలోజౌళ్లు. కిరోసిన్ గ్రాముకు సుమారు 43 కిలోజౌళ్లు ఇస్తుంది. ఖర్చయింది 15 గ్రాములైతే 645 కిలోజౌళ్లు మండించి 285 వాడుకున్నారు, అంటే 44 శాతం. గాలి అడ్డు రేకు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి కొలవండి. నిపుల్‌తో కుస్తీ పట్టే బదులు ఆ రేకు మీద గంట సేపు పెట్టడం ఎంత లాభమో మీ త్రాసే చూపిస్తుంది.

ప్రశ్న: స్టవ్ పక్కన, రెండు వైపుల వేడి తేడా నుంచి కరెంటు ఇచ్చే పెల్టియర్ బిళ్ల పెట్టి ఫోన్ ఛార్జ్ చేయాలని నా ఆలోచన. కోఠి గుజరాతీ గల్లీలో రెండు రకాలు చూపించారు. ఒకటి టీఈసీ1-12706, ఇంకోటి ఎస్‌పీ1848. రెండోదాని కాగితం మీద 100 డిగ్రీల తేడాకు 4.8 వోల్టులు, 669 మిల్లీఆంప్‌లు అని ఉంది. అంటే 3 వాట్లు వస్తాయి కదా? (ఉప్పల్)

రావు. ఈ లెక్క చాలామందిని నిరాశపరుస్తోంది కాబట్టి కాస్త ఆగి చూద్దాం. 4.8 వోల్టులు ఏమీ తగిలించకుండా కొలిచినప్పటిది. 669 మిల్లీఆంప్‌లు రెండు వైర్లు కలిపేసినప్పటిది. ఈ రెండూ ఒకేసారి రావు. అత్యధిక పవర్ దొరికేది సగం వోల్టేజీ, సగం కరెంటు దగ్గర, అంటే ఆ గుణకారంలో నాలుగో వంతు, సుమారు 0.8 వాట్. దాన్ని 5 వోల్టులకు పెంచే సర్క్యూట్ కొంత తినేస్తుంది. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్-అవర్లు. నష్టాలేవీ లేవనుకున్నా ఒక్క బిళ్లతో పూర్తి ఛార్జింగ్‌కు ఒక రోజంతా స్టవ్ వెలగాలి.

పైగా 100 డిగ్రీల తేడా నిలబెట్టడమే కష్టం. వేడి వైపు సులువు, చల్ల వైపు వేడిని వదిలే అల్యూమినియం రెక్కలు (ఫిన్స్) నిమిషాల్లో వేడెక్కిపోతాయి. అక్కడ నీళ్ల గిన్నె పెట్టుకోవడమే మంచిది. నీళ్లు ఉన్నంతసేపూ ఆ వైపు 100 దాటదు, మరగడం మొదలవకముందు ఇంకా తక్కువే. టీఈసీ1-12706 అసలు కూలింగ్ కోసం చేసింది. చాలావాటిలో లోపలి టంకం 138 డిగ్రీలకే కరుగుతుంది. స్టవ్ దగ్గర అది ఒక్క సాయంత్రంలో పోతుంది. ఎస్‌పీ1848 150 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది.

అలాగని మానేయమనడం లేదు. 0.8 వాట్‌తో ఎల్‌ఈడీ దీపం హాయిగా వెలుగుతుంది. కట్టెల స్టవ్‌కు గాలి ఊదే చిన్న ఫ్యాన్ తిరుగుతుంది, మంట పెరిగిన కొద్దీ ఫ్యాన్ వేగం తనే పెరగడం చూడముచ్చటగా ఉంటుంది. ఫోన్‌కు మాత్రం పవర్‌బ్యాంక్ తీసుకెళ్లండి.

ప్రశ్న: గాలి అడ్డు రేకును, గిన్నె స్టాండ్‌ను 3డి ప్రింట్ చేయొచ్చా? పీఎల్‌ఏ సరిపోతుందా? (మియాపూర్)

ప్రింటర్లలో వాడే ప్లాస్టిక్‌లలో పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర, పీఈటీజీ 80 దగ్గర మెత్తబడతాయి. రెండూ స్టవ్ దగ్గరికి రాకూడదు. ప్రింటర్‌తో రేకు వంచడానికి అచ్చు, రంధ్రాలు వేయడానికి గైడు చేసుకోండి, అందుకు బాగా పనికొస్తుంది. డిజైన్‌కు ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేర్ చాలు. అందులో షీట్‌మెటల్ యాడాన్ వేసుకుంటే వంపులన్నీ విప్పి, కత్తిరించాల్సిన ఆకారం పరిచి చూపిస్తుంది. కాగితం మీద ప్రింట్ తీసి రేకుకు అంటించి కోసుకోవడమే. రేకు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోండి. మంట తగిలే చోట జీఐ షీట్ (జింక్ పూత ఉన్న ఇనుప రేకు) వాడితే జింక్ పొగ లేస్తుంది, అది పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

గ్యాస్ డబ్బా మీద నేరుగా బిగించే స్టవ్ అయితే రేకును చుట్టూ మూసేయకండి. వేడి డబ్బా మీదికి తిరుగుతుంది. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డు పెట్టి, మధ్యమధ్య డబ్బాను చేత్తో తాకి చూస్తుండండి. అదే కారణంగా మే నెలలో ఎండలో నిలిపిన కారులో ఈ డబ్బాలు వదిలి వెళ్లకూడదు.

ప్రశ్న: ఖాళీ అయిన 220 గ్రాముల బ్యూటేన్ డబ్బాలను ఇంటి సిలిండర్ నుంచి నింపే అడాప్టర్ ఆన్‌లైన్‌లో ఉంది. కొనొచ్చా? (దిల్‌సుఖ్‌నగర్)

కొనకండి, ఎవరైనా ఇచ్చినా వాడకండి. ఇంటి గ్యాస్‌లో ప్రొపేన్ కూడా ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఒత్తిడి 4 బార్ లోపు, ప్రొపేన్‌ది 13 బార్‌కు పైన. ఆ పల్చటి డబ్బా ఒక్కసారి వాడి పారేయడానికి, అదీ బ్యూటేన్ కోసం చేసింది. పైగా గ్యాస్ గాలి కన్నా బరువు, నింపేటప్పుడు కారితే నేల మీద పరుచుకుని ఎక్కడో ఫ్రిజ్ స్పార్క్ దాకా పాకుతుంది. లైసెన్స్ లేకుండా నింపడం 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం నేరం కూడా. గల్లీల్లో చిన్న సిలిండర్లు నింపే దుకాణాలకూ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: టెంట్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం కోసం ఎంక్యూ-7 సెన్సర్‌తో ప్రాజెక్ట్ చేశాను. దాన్ని నమ్ముకుని లోపల వంట చేయొచ్చా? గిన్నె స్టాండ్ పొట్టిగా చేస్తే వేడి బాగా తగులుతోంది, అలా ఉంచనా? (తార్నాక)

ప్రాజెక్ట్ నేర్చుకోవడానికి మంచిది, ప్రాణం దాని మీద పెట్టకండి. ఎంక్యూ-7 హీటర్‌కు 5 వోల్టులు 60 సెకన్లు, తర్వాత 1.4 వోల్టులు 90 సెకన్లు మార్చి మార్చి ఇవ్వాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచేది ఆ తక్కువ వోల్టేజీ దశలోనే. చవక బోర్డులు ఎప్పుడూ 5 వోల్టులే ఇస్తాయి. మొదటిసారి 48 గంటలు వేడెక్కించాలి కూడా. భద్రత కోసం ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ ఉన్న రెడీమేడ్ అలారం కొనండి. అది ఉన్నా వంట టెంట్ బయటే.

స్టాండ్ సంగతి ఇంకా ముఖ్యం. మంట పూర్తిగా మండకముందే చల్లటి గిన్నె అడుగుకు తగిలితే అక్కడే ఆరి, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. మీ త్రాసు లెక్కలో ఇంధనం ఆదా కనిపిస్తుంది, విషం కనిపించదు. వాసన కూడా రాదు. పాత ఎత్తుకే పెంచేయండి.

ప్రశ్న: వచ్చే నెల లేహ్ వెళ్తున్నాం. స్టవ్, గ్యాస్ డబ్బా విమానంలో తీసుకెళ్లొచ్చా? (సికింద్రాబాద్)

గ్యాస్ డబ్బా చేతి బ్యాగులోనూ, చెక్-ఇన్‌లోనూ కుదరదు. కిరోసిన్, పెట్రోల్ పోసి వాడిన స్టవ్‌కు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, వాసన లేకుండా ఆరబెట్టి, విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. ఆ మెయిల్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. గ్యాస్‌తో నడిచే బర్నర్ తల ఒక్కటే తీసుకెళ్లి, డబ్బా లేహ్‌లో కొనుక్కోవడం సులువు. కొనేటప్పుడు ఒట్టి బ్యూటేన్ తీసుకోవద్దు, చలిలో అది సరిగ్గా ఆవిరి కాదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసినది అడగండి. మరలు ఉన్న డబ్బానా, ఏరోసోల్ డబ్బాలా పొడవుగా ఉండేదా అన్నది మీ బర్నర్‌కు సరిపోయేలా చూసుకోండి. అక్కడి ఎత్తులో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి, అన్నం ఉడకడానికి చాలా సేపు పడుతుంది. కాబట్టి ఇంట్లో లెక్కేసుకున్న దానికన్నా ఒక డబ్బా ఎక్కువే కొనండి.