గోల్డ్‌ఫింగర్ చూడండి, డిక్కీ మీద ఓ కన్నేసి ఉంచండి

"1964లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా గోల్డ్‌ఫింగర్‌కి ఇంకా ఎందుకంత పేరు? ఇప్పుడు చూస్తే బోరు కొడుతుందా?" అని అడిగారు.

కొట్టదండి. బాండ్ కారులో ఏమేం ఉన్నాయో ముందే పూసగుచ్చినట్టు చెప్పేస్తారు. తిరిగే నంబరు ప్లేట్లు, వెనకనుంచి చిమ్మే నూనె, పొగ, గేరు రాడ్ పిడిలో ఎర్ర బటను. అది నొక్కితే పక్క సీటువాడు టాపులోంచి ఎగిరిపోతాడు. ఇక అక్కణ్ణుంచీ బాండ్ ఆ బటను ఎప్పుడు నొక్కుతాడా అని కాచుక్కూచుంటాం. ఇప్పటి సినిమాల్లో అవసరం పడ్డాక జేబులోంచి కొత్త పరికరం తీస్తున్నారు, మజా ఎక్కణ్ణుంచి వస్తుంది?

బాండ్‌ని బల్లకి కట్టేసి లేజరుతో కోయబోయే సీనూ అంతే. ఈ సినిమాకి మూలమైన నవలలో అక్కడ గుండ్రటి రంపం ఉంటుంది. మొదటి లేజర్ పనిచేసింది 1960లో, నాలుగేళ్లకే దాన్ని తెర మీదికి తెచ్చేశారు. ఎర్ర గీత మాత్రం తర్వాత ఫిల్ము మీద కలిపిందే. బల్లని నిజంగా కోసింది కింద దాక్కున్న మనిషి చేతిలోని గ్యాస్ కట్టరు. మన వెల్డింగు షాపుల్లో ఉండేదే, ఆక్సిజనూ ఎసిటిలీనూ. ఆ నిప్పురవ్వలు నిజమైనవి కాబట్టే ఇవాళ్టికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక లోపాలు. అందరూ చెప్పేవి చివర్లో చూద్దాం, ఎవరూ పట్టించుకోనిది బరువు. బంగారం మీద తీసిన సినిమా బంగారం బరువు మర్చిపోయింది!

విలన్ గోల్డ్‌ఫింగర్ ఫోర్ట్ నాక్స్ (అమెరికా ప్రభుత్వ బంగారు ఖజానా) మీద దాడికి ముఠా నాయకుల్ని పోగేస్తాడు. వాళ్లలో సోలో అనేవాడు నాకీ పథకం వద్దు, నా మిలియన్ డాలర్ల బంగారం నాకిచ్చెయ్యమంటాడు. ఆ బంగారాన్ని లింకన్ కారు డిక్కీలో పెట్టి పంపిస్తారు. అప్పటి అమెరికా ధర ఔన్సుకి 35 డాలర్లు. లెక్కేస్తే 889 కేజీలు. మన లెక్కలో చెప్పాలంటే లక్షా పదకొండు వేల కాసులు, లేదా పన్నెండు ధాన్యం బస్తాలు. చోటు సమస్య లేదు. బంగారం నీటికంటే 19.3 రెట్లు బరువు కాబట్టి అదంతా కలిపి 46 లీటర్లే, మంచినీళ్ల టిన్నులు రెండూ పైన కాస్తా. కానీ పన్నెండు బస్తాల బరువు వెనక ఇరుసు మీద పడితే కారు ముక్కు ఆకాశానికి లేస్తుంది, బంపరు రోడ్డుకి రాసుకుంటుంది. అంబాజీపేటలో కొబ్బరికాయల లోడు ఎత్తే ఏ జట్టు కూలీనడిగినా చెప్తాడు. తెర మీద కారు మాత్రం పెళ్లికి పోతున్నట్టు పోతుంది.

దారిలో సోలోని కాల్చేసి, కారుని స్క్రాపు యార్డులో ముద్దగా నొక్కించి, ఆ ముద్దని ఓ చిన్న పికప్ బండి వెనక పడేస్తారు. కారు రెండు టన్నుల పైమాటే, బంగారం ఇంచుమించు టన్ను. ఆ పికప్ అరటన్ను మోసే రకం కూడా కాదు. ముద్ద పడగానే పట్టీలు విరిగి అక్కడే కూలబడాలి. అదేమో తాపీగా గోల్డ్‌ఫింగర్ గుర్రాల ఫారానికి వెళ్లిపోతుంది!

ఆ తర్వాత గోల్డ్‌ఫింగర్, నా బంగారాన్ని వేరు చేయించుకోవాలి అంటాడు. ఎలా చేస్తాడండీ? గ్యాస్ కట్టరు పెడితే ఇనుము తెగే వేడికి బంగారం ముందే కారిపోతుంది, దానికి 1,064 డిగ్రీలు చాలు. బ్యాటరీలో సీసం అంతకంటే ముందే కరిగి దాంట్లో కలుస్తుంది. సీసం తగిలిన బంగారం సుత్తి దెబ్బకి పెళుసుగా పగిలిపోతుందని ఏ కంసాలినడిగినా చెప్తాడు. మళ్లీ శుద్ధి చేయించాలి, తరుగు పోవాలి. పైగా మిగతా ముఠావాళ్లందర్నీ ఆ ఫారం ఇంట్లోనే గ్యాసుతో చంపేశాడు కదా, సోలోని కూడా అక్కడే కూర్చోబెడితే డిక్కీ ఖర్చయినా మిగిలేది.

మరి ఇంత తప్పు చూసేటప్పుడు ఎందుకు తగలదంటే, సోలో జేబులో బాండ్ పెట్టిన సిగ్నల్ పరికరం ఉంది. మన చూపంతా దాని మీదే. క్రషర్ బిగుసుకోగానే సిగ్నల్ ఆగిపోతుంది, మనం ఉసూరుమంటాం. ఆ గొడవలో కేజీలెవడు లెక్కపెడతాడు?

తమాషా ఏంటంటే అదే సినిమాలో బరువు మీదే నడిచే మంచి సీను ఒకటుంది. నవలలో విలన్ ఫోర్ట్ నాక్స్ బంగారం ఎత్తుకుపోదామనుకుంటాడు. అది కుదరదని స్క్రిప్టు రాసినవాళ్లకి తెలుసు, ఆ లెక్కని బాండ్ చేతే చెప్పించారు: 15 బిలియన్ డాలర్ల బంగారం 10,500 టన్నులు, 200 లారీలకెత్తాలంటే 60 మందికి 12 రోజులు. ఎత్తుకుపోను, అణుబాంబుతో 58 ఏళ్లు ముట్టుకోకుండా చేసి నా బంగారం రేటు పెంచుకుంటానని విలన్ బయటపడేది అక్కడే. కథకి ప్రాణం ఆ సీనే.

అయినా లెక్క తప్పే. 35 డాలర్ల చొప్పున చూస్తే 13 వేల టన్నులు దాటాలి. పోనీ 10,500 అనే అనుకుందాం. మనిషికి రోజుకి పద్నాలుగున్నర టన్నులు, దగ్గర దగ్గర 190 బస్తాలు. నడుం విరుగుతుంది గానీ నమ్మొచ్చు. లారీకి 52 టన్నులు మాత్రం, జొన్నాడ దాటి గౌతమి బ్రిడ్జి ఎక్కేలోపే టైర్లు పేలిపోతాయి.

సినిమాలో చెప్పినట్టు ఒంటికి బంగారు రంగు పూస్తే చర్మానికి ఊపిరాడక చచ్చిపోతారన్నదీ ఉత్తదే. ఊపిరి పీల్చేది ఊపిరితిత్తులు. దసరాకి పులి వేషం కట్టేవాళ్లు ఒళ్లంతా రంగు పూసుకుని పొద్దుగూకేదాకా గంతులేస్తారు. చెమట పట్టక వేడి చేస్తే ప్రమాదమే, అది వేరే సంగతి.

అందరూ చెప్పే లోపాలు రెండు. సగం సినిమా హీరో బందీగానే ఉంటాడు. విలన్ తరఫున విమానాలు నడిపే అమ్మాయిని గడ్డి కొట్టంలో బలవంతం చేస్తాడు, ఆమె వెంటనే ఇటువైపు తిరిగిపోతుంది. ఇది పాతకాలం కదా అని సర్దుకోలేం. కథ మలుపు మొత్తం దాని మీదే ఆధారపడింది, అందుకని రెండు రకాలా తప్పే.

మన 1966 నాటి కృష్ణ సినిమా గూఢచారి 116ని వెక్కిరించేవాళ్లు దీని దగ్గర నోరెళ్లబెట్టడం కూడా నాకు నచ్చదు. నవ్వితే రెంటికీ నవ్వాలి.

చివర్లో బాంబు దగ్గర ఒక్కసారి ఆపి చూడండి. కౌంటరు 007 దగ్గర ఆగి ఉంటుంది, బాండేమో ఇంకో మూడు టిక్కులే అంటాడు. మొదట 003 దగ్గర ఆపి తర్వాత అంకె మార్చారు, డైలాగు మాత్రం అలాగే వదిలేశారు. వైరు పీకబోతున్న బాండ్‌ని పక్కకి నెట్టి ఎవరో నిపుణుడు స్విచ్చి కట్టేస్తాడు, అంతే.