నేపాల్‌లో ఇళ్ళు కట్టే సేవాయాత్రకు అమ్మాయిని పంపవచ్చునా?

ప్రశ్న: మేము రాజోలు దగ్గర వరి, కొబ్బరి సాగు చేసుకునే కుటుంబం. మా అమ్మాయి కాకినాడలో బి.టెక్. సివిల్ రెండో సంవత్సరం చదువుతోంది. మా చర్చి యువజన బృందం మే నెలలో పన్నెండు రోజులు నేపాల్ వెళ్ళి పేద కుటుంబాలకు ఇళ్ళు కడుతుందట. మనిషికి 1,20,000 రూపాయలు అవుతుంది. అమ్మాయి దాచుకున్న 50,000 పోగా మిగిలింది నేను అప్పు తేవాలి. రేపు విదేశాల్లో ఎం.ఎస్.కు ఇది బాగా ఉపయోగపడుతుందని కొందరు చెబుతున్నారు. పంపమంటారా?

జవాబు: అయ్యా, అప్పు చేసి మాత్రం పంపకండి. మిగిలిన 70,000 రూపాయలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,400. పంట చేతికి రావడం ఆలస్యమైతే ఆ భారం అమ్మాయి చివరి సంవత్సరపు ఫీజు మీద పడుతుంది. ఎం.ఎస్. సీటు కోసమే ఈ ఖర్చు పెట్టాలన్నవారి మాట కూడా నమ్మవద్దు. ప్రవేశాలు నిర్ణయించేవారు మొదట మార్కులు, ప్రాజెక్టులు, అధ్యాపకుల సిఫారసు లేఖలు చూస్తారు. సేవ విషయానికి వస్తే పన్నెండు రోజుల యాత్ర కంటే ఎన్.ఎస్.ఎస్.లో రెండేళ్ళపాటు చేసే 240 గంటల పని నిలకడను ఎక్కువగా చూపిస్తుందని నా అభిప్రాయం.

అయితే అమ్మాయి మనసును తక్కువ చేయవద్దు. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమలో కొబ్బరి తోటలు కూలి, తాటాకు ఇళ్ళు నేలమట్టమైన సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఇల్లు పోవడమంటే ఏమిటో తెలిసిన ఊరి పిల్లకు మరొకరికి గోడ కట్టాలనిపించడం గొప్ప విషయం. పైగా సివిల్ విద్యార్థికి నేపాల్ మంచి పాఠశాల. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో అక్కడ పడిపోయిన ఇళ్ళలో చాలావరకు మట్టి అడుసుతో రాళ్ళు పేర్చి కట్టినవే. గోడలు మూలల దగ్గర విడిపోయి విడివిడిగా కూలాయి. అందుకే కిటికీలు, ద్వారబంధాల పైన ఇల్లంతా చుట్టివచ్చేలా లింటెల్ బ్యాండు, అంటే కడ్డీలు పెట్టిన కాంక్రీటు పట్టీ వేసి, నాలుగు గోడలనూ ఒక పెట్టెలా బిగిస్తారు. మనవైపు రేగడి నేల, పైకే ఉండే భూగర్భజలం, తుపాను గాలి ఇంటిని నిర్ణయిస్తే, అక్కడ భూమి కదలిక నిర్ణయిస్తుంది. ఈ తేడాను కళ్ళారా చూసి, మూలల్లో కడ్డీలు ఎలా వంచి కట్టారో కొలతలతో నోటుపుస్తకంలో బొమ్మ గీసుకున్న విద్యార్థి తన దరఖాస్తులో రాసుకునే ఒక పేరా, ‘పేదలకు ఇళ్ళు కట్టాను’ అన్న వాక్యం కంటే ఎంతో బరువుగా ఉంటుంది.

ఇక నిర్వాహకులను అడగవలసినవి ఉన్నాయి. ఆ 1,20,000లో ప్రయాణానికి ఎంత, సిమెంటు, ఇనుముకు ఎంత, అక్కడి మేస్త్రీల కూలికి ఎంత అన్న లెక్క రాతపూర్వకంగా తీసుకోండి. నేపాల్‌కు మనవారికి వీసా అక్కరలేదు. విమానంలో వెళ్ళడానికి పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని చాలు, ఆధార్ చెల్లదు. కాబట్టి ఖర్చు ఎందుకంత అయిందో అడగడం తప్పు కాదు. ఇల్లు ఎవరికి ఇస్తారు, ఆ కుటుంబం తాము కూడా పని చేస్తుందా, మన పిల్లలు తిరిగి వచ్చాక మిగిలిన పని ఎవరు పూర్తిచేస్తారు? 1976లో అమెరికాలో మొదలై 1983లో ఖమ్మంలో మన దేశపు పనికి శ్రీకారం చుట్టిన హేబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థలో, ఇల్లు పొందే కుటుంబం సైతం నిర్మాణంలో చెమటోడ్చడం పద్ధతి. మీ బృందం కూడా అలాంటి స్థానిక సంస్థతో కలిసి పనిచేస్తోందా అన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. 1836లో మన దేశానికి వచ్చి నరసాపురం ప్రాంతంలో స్థిరపడిన క్రైస్తవ మిషనరీలు బౌడెన్ దంపతులు, బీర్ దంపతులు ఇక్కడి భాష నేర్చుకుని, ఏళ్ళ తరబడి ఇక్కడివారి మధ్యే ఉన్నారు. పన్నెండు రోజుల బృందానికి అది సాధ్యం కాదు కనుక, అక్కడే ఉండిపోయేవారి చేతిలోనే పని నడవాలి.

మరొక సంగతి. తాపీ పట్టని చేతులు కట్టిన వరస వంకరపోతే, మేస్త్రీ దాన్ని విప్పి మళ్ళీ కట్టాలి. అందువల్ల ఇప్పటినుంచే సెలవు రోజుల్లో మీ ఊళ్ళో జరుగుతున్న ఏదైనా ఇంటి పనిలో అమ్మాయిని ఒక తాపీ మేస్త్రీ దగ్గర నిలబెట్టండి. ఇటుకను నీళ్ళలో నానబెట్టకపోతే మాలులోని తడిని అది ఎలా పీల్చేస్తుందో, రసమట్టంలో బుడగ ఎక్కడ నిలవాలో, కట్టిన గోడకు కనీసం వారం రోజులు నీళ్ళు ఎందుకు పట్టాలో పుస్తకంలో చదివినదానికి అక్కడ అర్థం తెలుస్తుంది. ఈ పని ఆమెకు నచ్చకపోతే యాత్ర ఆలోచన అక్కడితో మానుకోవచ్చు; అప్పటికి మీకు అయిన ఖర్చు కూడా ఏమీ ఉండదు.

నచ్చి, నిర్వాహకుల లెక్క సరిగ్గా ఉంటే, తక్కువపడిన 70,000 సంఘస్థుల విరాళాలతో సమకూరుతుందేమో పెద్దలను అడగండి. సమకూరకపోతే వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. వెళ్ళేటట్టయితే ప్రయాణ బీమా, ధనుర్వాతం టీకా చూసుకోండి. వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఈ రోజులు లెక్కకు వస్తాయని ముందే అనుకోకుండా, డబ్బు కట్టేలోపే విభాగాధిపతి గారి దగ్గర లిఖితపూర్వకమైన జవాబు తెచ్చుకోమని అమ్మాయికి చెప్పండి.