అంగడికి పోయే ముందు ఈ మాటలు తెలుసుకో అబ్బీ

అబ్బీ, నీ మెసేజ్ చూసినా. నీకు లాప్‌టాప్, ఇంటికి ఇన్వర్టర్, రెండూ ఈ నెల్లోనే తీసుకోవాలని మీ నాయన అంటాండాడు, అంగట్లో వాళ్లు చెప్పేది సగం అర్థం కాలేదు పెద్దనాయనా అని రాసినావు. దానికి సిగ్గేమీ లేదప్పా, నేను రేడియోల కాలం నుంచి టెస్టర్ పట్టుకోని బతికినోన్ని, బాగా చదువుకున్నోళ్లు కూడా ర్యామ్‌కీ స్టోరేజ్‌కీ తేడా తెలీకుండానే డబ్బులు కట్టేసి ఆనక నా దగ్గరికొస్తాంటారు. అంగట్లో నెంబర్ గట్టిగా చెప్తారు, అది దేని నెంబరో మాత్రం చెప్పరు. నువ్వు ప్రతిసారీ అడగాల్సింది అదే.

లాప్‌టాప్ చూస్తాంటే "మెమరీ 512 ఉండాది సార్" అంటాడు. అది స్టోరేజ్, అంటే నీ ఫోటోలు, ఫైళ్లు దాచుకునే గాదె. ర్యామ్ అంటే పని జరిగేటప్పుడు వాడుకునే చోటు, కళ్లం లాంటిది. కళ్లం చిన్నదైతే గాదె ఎంత పెద్దదైనా చెనక్కాయ పని ముందుకు పోదు కదా, ఇదీ అంతే, కరెంట్ ఆపితే ర్యామ్‌లో ఉండేది పోతాది, స్టోరేజ్‌లోది అట్లే ఉంటాది. నీ చదువుకి 8 జీబీ ర్యామ్‌తో పని జరుగుతాది గానీ 16 ఉంటే నాలుగేండ్లు దిగులుండదు. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటాది, తర్వాత పెంచుకునేకి కాదు, కాబట్టి ఖాళీ స్లాట్ ఉందా లేదా అని ముందే అడుగు. స్టోరేజ్ ఎస్ఎస్‌డీ అయితేనే తీసుకో, హార్డ్ డిస్క్‌లో పళ్లెం గిర్రున తిరగాల, దాని మీద ముల్లు కదలాల, ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, ఉత్త చిప్పులే, అందుకే బిర్నా ఆన్ అవుతాది. ఇంటికి తెచ్చి చూస్తే 512కి బదులు 476 అని చూపిస్తాది, మోసం చేసినారని గొడవకు పోవద్దు, కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో, అంతే. ప్రాసెసర్, అంటే లాప్‌టాప్ మెదడు, ఐ5 అని ఊరికే చెప్తే చాలదు, ఏ జనరేషనో, అంటే ఎన్నో తరందో అడుగు, పాత ఐ5 కంటే ఇప్పటి ఐ3 నయం.

వైఫై సంగతి. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 100 ఎంబీ దిగుతాదనుకోవద్దు, అవి బిట్లు, 8 బిట్లయితే ఒక బైటు, అందుకే 8తో భాగించు, 12.5 ఎంబీ వస్తాది, అదీ అంతా బాగుంటే. రౌటర్‌లో రెండు పేర్లు కనిపిస్తే 5 గిగాహెర్ట్జ్‌ది స్పీడెక్కువ, గోడలు సరిగా దాటలేదు. మీ తాడిపత్రి ఇంటి రాతిగోడలకి లోపలి రూముల్లో 2.4దే గతి.

ఇంగ ఇన్వర్టర్. దీంట్లోనే శానామంది తికమక పడేది. 900 వీఏ (వోల్ట్ ఆంపియర్) అనేది మిషన్‌ది, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) అనేది బ్యాటరీది. ఒకేసారి ఎంత లోడ్ లాగగలదు అనేది మొదటిది, ఎంతసేపు నిలబడతాది అనేది రెండోది. 900 వీఏ మిషన్ మీద సుమారు 700 వాట్ల దాకా వెయ్యొచ్చు. బ్యాటరీ 12 వోల్టులు, దాన్ని 150తో గుణిస్తే 1800 వాట్ అవర్లు. మీ ఇంట్లో 75 వాట్ల ఫ్యాన్లు మూడు, 9 వాట్ల బల్బులు నాలుగు, టీవీ ఒక 80, రౌటర్ 10, మొత్తం 350 దాకా అవుతాది, కాగితం మీద ఐదు గంటలు, మధ్యలో పోయేది పోగా నాలుగు గంటలనుకో, బ్యాటరీ పాతదయ్యే కొద్దీ ఇంకా తగ్గుతాది. అవే మూడు ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంట్ తినే మోటరువి, పెట్టినారనుకో, లోడ్ 220కి దిగుతాది, పెద్ద బ్యాటరీ కొనకుండానే రాత్రి గడిచిపోతాది. మీ నాయనకి ఈ లెక్క చూపించు, అంగట్లో మాత్రం ఎవరూ చూపించరు, వాళ్లకి పెద్ద బ్యాటరీ అమ్మితేనే కదా లాభం. ప్యూర్ సైన్ వేవ్‌దే, అంటే లైన్ కరెంట్ మాదిరే నున్నగా కరెంట్ ఇచ్చే ఇన్వర్టరే తీసుకోండి, స్క్వేర్ వేవ్‌ది అగ్గువే గానీ ఫ్యాన్లు రాత్రంతా గుయ్యిమంటాయి. గీజర్, ఇస్త్రీపెట్టె దాని లైన్‌లో కలపొద్దు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాల, మన బోరు నీళ్ల ఉప్పుకి ప్లేట్లు పాడైపోతాయి. వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటాది, అది వేసి పెడితే కరెంట్ పోయిన క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ లేచేది ఉండదు.

మీ అమ్మ ఇన్వర్టర్ ఏసీ అంటే కరెంట్ పోయినా తిరుగుతాదా అని అడిగిందంట. తిరగదని చెప్పు. దాంట్లో బ్యాటరీ లేదు, కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి తగ్గించి పెంచుతాది, బిల్లు తగ్గేది దానివల్లే. స్టార్ స్టిక్కర్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని వేసేది 1600 గంటల లెక్కకి, మార్చిలోనే మొదలయ్యే మన ఎండలకి మీరు ఎక్కువ గంటలు వేస్తే యూనిట్లూ ఎక్కువే.

లాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు దాని లోహపు బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జుమ్మంటే, ముందు ఎర్తింగ్ చూపించు. మూడు పిన్నుల్లో పైన లావుగా పొడుగ్గా ఉండేదే ఎర్త్ పిన్ను, దానికి వైరు కలపకుండానే బోర్డు బిగించేసిన ఇండ్లు మన దిక్కు బోలెడు. వైరు ఉన్నా, వానల్లేక ఎర్త్ గుంత ఎండిపోతే సరిగా పని చెయ్యదు, ఎండాకాలంలో అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్లు పొయ్యండి.

డబ్బులు కట్టే ముందు బ్యాటరీ మీద తయారైన నెల చూసుకోండి, వారంటీ కార్డు మీద అంగడి ముద్రా తేదీ వేయించుకోండి. కొటేషన్ ఇస్తే ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, రాత్రి అన్నం తిన్నాక చూసి చెప్తా.

మీ పెద్దనాయన, అనంతపురం