మైకును కెమెరాపై ‘ఆరోపించ’వచ్చునా?

సందేహం: పెళ్లిళ్లకు వీడియోలు తీస్తుంటాను. ఈ పని కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో చిన్న చిన్న పాఠాలు రాస్తున్నాను. ‘కెమెరాపై మైకును ఆరోహించడం’ అని రాస్తే మిత్రులు నవ్వారు. ఎక్కించడం, తగిలించడం, అమర్చడం, బిగించడం – వీటిలో ఏది ఒప్పు? కెమెరా నెత్తిన మైకో ఫ్లాషో బిగించే గాడిని ‘హాట్ షూ’ అంటారు కదా, దాన్ని ‘వేడి బూటు’ అనవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: మీ మిత్రులు ఎందుకు నవ్వారో గాని, నవ్వడం న్యాయమే. ఆరోహించడమంటే తానే ఎక్కడం. మైకుకు కాళ్లు లేవు కదా! మీరు ఎక్కిస్తే అది ఆరోపించడం అవుతుంది. వింటికి నారి ఎక్కించడాన్ని జ్యారోపణమన్నది అందుకే. ఆ లెక్కన మనం జెండా ఎక్కించడమూ ధ్వజారోపణమే కావాలి. కాని తిరుమల బ్రహ్మోత్సవాల్లో సైతం ధ్వజారోహణమే స్థిరపడింది కనుక దాని జోలికి నేను పోను. అలాగని ‘మైకును కెమెరాపై ఆరోపించండి’ అని రాశారా, పాపం మైకు ఏం చేసిందని అడుగుతారు.

నిజానికి ఇలాంటి పనికి మనకు చక్కని తెలుగు క్రియ ఒకటి ఉండేది: పన్ను. నోట్లో ఉండే పన్ను, సర్కారుకు కట్టే పన్ను వేరు, వాటిని పక్కన పెట్టండి. గుర్రాన్నో రథాన్నో సకల సరంజామాతో బయల్దేరడానికి సిద్ధం చేయడం పన్నడం. గజేంద్రమోక్షంలో పోతన్నగారి పద్యం చిన్నప్పుడు అందరం బట్టీపట్టిందే:

సిరికిం జెప్పఁడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁ, డే
పరివారంబునుఁ జీరఁ, డభ్రగపతిం బన్నింపఁ డాకర్ణికాం
తర ధమ్మిల్లముఁ జక్క నొత్తఁడు...

ఈ పద్యం ఎప్పుడు చదువుకున్నా నాకు ముహూర్తానికి ఆలస్యమైన వీడియోగ్రాఫరే కళ్ల ముందు మెదులుతాడు. అతను ఇంట్లో చెప్పాలి, రెండు చేతులకూ సామాను తగిలించుకోవాలి, అసిస్టెంటును కేకెయ్యాలి, బండి తియ్యాలి, అద్దంలో జుట్టు సర్దుకోవాలి. స్వామి ఇవేవీ చేయలేదు. పోతన్న ఆయన పరుగును ఒక్క ముక్కలోనూ వర్ణించలేదు చూడండి. మామూలుగా చేసే పనులన్నీ వరసపెట్టి చెప్పి, ఏదీ చేయలేదన్నాడు. పరుగు మనకే కనబడుతుంది. అందులో చేతులకు పరికరాలు కూర్చడం ‘సంధించడం’, వాహనాన్ని సిద్ధం చేయించడం ‘పన్నించడం’. ఎంత పొందికైన మాటలు!

ఇప్పుడు వాటి గతి చూడండి. సంధించేది ప్రశ్నలు, పన్నేది కుట్రలు. ఆరోపించడం సంగతి చెప్పనే అక్కర్లేదు. సామాను ఎక్కించే మాటలన్నీ పత్రికలవాళ్లు రాజకీయాలకు ధారపోశారు. మనకు మిగిలింది ‘మౌంటింగ్ చేయడం జరుగుతుంది’. మౌంటింగును సహిస్తాను గాని, ఆ ‘జరుగుతుంది’ని సహించలేను. చేసేది మీరైతే జరగడమేమిటి?

ఆ మధ్య ఒక పుస్తకావిష్కరణ సభలో ముందు వరసలో ఓ కుర్రాడు కెమెరా సర్దుకుంటున్నాడు. మైకు అడుగు భాగాన్ని కెమెరా నెత్తిన ఉన్న గాడిలోకి జరిపి, చిన్న చక్రాన్ని రెండు వేళ్లతో తిప్పి, కదులుతుందేమోనని ఒకసారి ఊపి చూశాడు. ఆ పని బిగించడమే, వేరే మాట వెతకనక్కర్లేదు. మైకు రెండు రబ్బరు పట్టీల మధ్య వేలాడుతోంది. ఎందుకని అడిగితే, ‘కెమెరా మీద చెయ్యి కదిపిన చప్పుడు మైకులోకి ఎక్కకుండా సార్, షాక్ మౌంట్’ అన్నాడు. నాకది మా అమ్మమ్మగారింటి పెరుగు ఉట్టిలా కనిపించింది. ఉట్టి అంటే మీ పాఠాల్లో బాగానే ఇముడుతుందనుకుంటాను, మీ ఇష్టం. రికార్డరును మాత్రం ట్రైపాడ్ కాలికి రబ్బరు బ్యాండుతో కట్టేశాడు. అది కట్టడమే.

చొక్కాకు పెట్టే కాలర్ మైకును తగిలించండి. అమర్చడం ఎక్కడైనా చెల్లుతుంది, కాస్త పూలకుండీ వాసన వేస్తుందంతే. ఎక్కించడం తప్పు కాదు గాని చిక్కుంది: పాటలూ ఎక్కిస్తాం, సెలైనూ ఎక్కిస్తాం. ‘రికార్డరు ఎక్కించాను’ అంటే కెమెరా మీదికా, బస్సులోకా?

ఇక వేడి బూటు. దయచేసి వద్దు. ఆ గాడిలో ఫ్లాషును కెమెరాతో కలిపే లోహపు చుక్కలుంటే హాట్, లేకపోతే కోల్డ్. వేడికీ దానికీ సంబంధం లేదు. వడ్రంగి దగ్గరికెళ్లి ఆ ఆకారం చూపిస్తే ‘గాడి’ అంటాడు. నేనైతే పైగాడి అంటాను. మీరు హాట్ షూ అని తెలుగు లిపిలో రాసినా పేచీ పెట్టను. ‘మైకును పన్నండి’ అని రాయమని చెప్పాలని నోటిదాకా వచ్చింది గాని, మీ మిత్రులు మళ్లీ నవ్వుతారు.